‘వల్ల’కూ ‘తో’కూ మధ్య

కొన్నేళ్ళ కిందట ఉపాధ్యాయుల సమావేశం ఒకదానిలో ఒక అధికారి అంకెల పట్టిక చదివాడు. మధ్యాహ్న భోజనం చేసే పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో పదో తరగతి ఫలితాలు తక్కువగా ఉన్నాయన్నది దాని సారాంశం. చదవడం ముగించి, ‘‘చూశారుగా, భోజనం వల్ల చదువు చెడుతోంది’’ అన్నాడు. హాలులో అందరం మెదలకుండా కూర్చున్నాం. ఆ మాట తప్పని నాకు తెలుస్తూనే ఉంది. ఎక్కడ తప్పో చెప్పే మాట మాత్రం నోటికి రాలేదు. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి, అంకెల ముందు నాకేం పని అనుకుని ఊరుకున్నాను.

ఆ మౌనం నన్ను చాలాకాలం బాధించింది. ఆ బాధతోనే గణాంకశాస్త్ర చరిత్ర కొంత చదివాను. లెక్కలు ఎంతవరకు వంటబట్టాయో చెప్పలేను గాని, ఆ చరిత్ర నడిమధ్యలో నాకు బాగా తెలిసిన వ్యాకరణ విషయం ఒకటి కనిపించింది. సాహిత్య విమర్శకులమైన మనకు కూడా దానితో పని ఉందని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసం.

రెండు చలరాశుల మధ్య సంబంధాన్ని కొలిచే పద్ధతుల్లో ఒకదానికి రిగ్రెషన్ అని పేరు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రతిగమనం. ఒక రాశి కొంత మారితే దానితో పాటు రెండో రాశి సగటున ఎంత మారుతుందో చెప్పే లెక్క ఇది. ఈ పేరు ఫ్రాన్సిస్ గాల్టన్ పెట్టినది. 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులనూ, వారి 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తులనూ పోల్చి ఆయన 1886లో ఒక వ్యాసం ప్రచురించాడు. పొడుగువాళ్ళ పిల్లలు పొడుగే అవుతారు, కాని తల్లిదండ్రులంత కారు. సగటు నుంచి తల్లిదండ్రులకున్న తేడాలో సుమారు మూడింట రెండు వంతులే పిల్లలకు దక్కుతుంది. ఇలా సగటు వైపు మరలి రావడానికే ఆయన ఆ పేరు పెట్టాడు. మేలుజాతి మనుషులను పెంచాలి, తక్కినవారిని తగ్గించాలి అనే యూజెనిక్స్ వాదానికి 1883లో పేరు పెట్టింది కూడా ఈ గాల్టనే. సాధనం పుట్టిన ఇల్లు అంత శుభ్రమైనది కాదని మనం మరచిపోకూడదు.

ఎత్తుల లెక్కగా మొదలైన ఈ పద్ధతి త్వరలోనే పేదల గంజి దగ్గరికి వచ్చింది. అక్కడే అసలు కథ.

ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం పేదసాయానికి కఠినమైన షరతు పెట్టింది. సాయం కావలసినవాడు వర్క్‌హౌస్‌లో చేరాలి. చేరితే భర్త ఒకవైపు, భార్య ఒకవైపు, పిల్లలు మరొకవైపు. డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ 1837లో మొదలుపెట్టినప్పుడు అతని కళ్ళ ముందున్నది ఈ చట్టమే. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితిపై రాసిన పుస్తకంలో కూడా ఈ వర్క్‌హౌస్‌లకు చోటుంది. అయితే ఆచరణలో చాలామందికి, ముఖ్యంగా ముసలివాళ్ళకూ వితంతువులకూ, ఇంటి దగ్గరే కొద్దిపాటి సాయం అందుతూ వచ్చింది. 1871 తర్వాత అధికారులు ఈ ఇంటి సాయాన్ని తెగ్గొట్టడం మొదలుపెట్టారు. ఇంటి దగ్గర ఇస్తే జనం సోమరులవుతారు, సాయం వల్లనే బిచ్చగాళ్ళు తయారవుతున్నారు అన్నది వాళ్ళ సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం ఇంగ్లండులోనే ఉండిపోలేదు. 1876-78 మధ్య మద్రాసు రాష్ట్రాన్ని కరువు మట్టుపెట్టింది. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చినందుకు మన జనం దాన్ని ధాత కరువన్నారు. 1877లో పరిశీలనకు వచ్చిన రిచర్డ్ టెంపుల్, సహాయ పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. చాలదని మద్రాసు పారిశుధ్య అధికారి కార్నిష్ వాదించాడు. కొద్ది నెలలకు కూలి కొంత పెంచక తప్పలేదు. ఎక్కువిస్తే జనం అలవాటు పడతారన్న భయమే ఇక్కడా పనిచేసింది. ‘వల్ల’ అనే ఒక్క మాట ఓడెక్కి వచ్చి రాయలసీమ మనిషి పళ్ళెంలో ధాన్యం తగ్గించింది.

ఇంటి సాయానికీ బీదల సంఖ్యకూ నిజంగా సంబంధముందా? 1894లో ఛార్లెస్ బూత్ అలాంటి సంబంధం కనిపించదన్నాడు. జార్జ్ ఉడ్నీ యూల్ అనే యువ గణాంకవేత్త దానికి సమాధానంగా 1895లో ఒక వ్యాసం, 1899లో మరింత పెద్ద వ్యాసం రాశాడు. సామాజిక సమస్య మీద ప్రతిగమనాన్ని ఈ స్థాయిలో ప్రయోగించిన తొలి రచనల్లో 1899 నాటిది ముఖ్యమైనది. లండన్ మహానగరంలోని 32 పేదసాయ మండలాలను తీసుకుని, 1871-81 మధ్య బీదల నిష్పత్తి ఎంత మారిందో, దానితో పాటు ఇంటి సాయం నిష్పత్తి, వృద్ధుల నిష్పత్తి, జనాభా ఎంత మారాయో లెక్కకట్టాడు. తక్కిన రెండూ మారకుండా ఉన్నాయనుకుంటే, ఇంటి సాయం సూచికలో ఒక పాయింటు తగ్గుదలతో బీదల సూచికలో 0.755 పాయింటు తగ్గుదల కనిపించింది. కాబట్టి ఆ దశాబ్దంలో బీదల తగ్గుదలలో ఎక్కువ భాగం ఇంటి సాయం తగ్గించినందువల్లనే అని తేల్చాడు.

ఆ వాక్యం కింద ఒక చిన్న అధోజ్ఞాపిక ఉంది. ఖచ్చితంగా చెప్పాలంటే ఇక్కడ ‘వల్ల’ అన్నచోట ‘సంబంధం కలిగి’ అని చదువుకోవాలన్నది దాని భావం. వ్యాసమంతా ‘వల్ల’ అని నడిపి, అడుగున చిన్న అక్షరాల్లో ఆ ‘వల్ల’ను వెనక్కి తీసుకున్నాడు!

నేను చెప్పిన వ్యాకరణ విషయం ఇదే. వలన, కంటె, పట్టి అనేవి పంచమి. చేత, చే, తోడ, తో అనేవి తృతీయ. తృతీయలోని ‘చేత’ కూడా హేతువును చెబుతుందని పండితులు నన్ను సవరించవచ్చు. నేను చెబుతున్నది కలిసి ఉండడాన్ని చెప్పే ‘తో’ సంగతి. వానతో ఉరుము వచ్చిందంటే ఒకటి, వాన వల్ల ఉరుము వచ్చిందంటే మరొకటి. ఏడో తరగతి పిల్లవాడికి కూడా తెలిసే ఈ తేడా మీద వేలాది ముసలివాళ్ళ గంజి ఆధారపడింది. ప్రతిగమన సమీకరణం ఇచ్చేది తృతీయా విభక్తిని. దాన్ని పంచమిగా మార్చేది మనిషి.

యూల్ లెక్కలో మరో చిక్కు ఉంది. ఆ లెక్కలో బీదవాడంటే ఆకలితో ఉన్నవాడు కాడు. సాయం పొందుతున్నవారి పట్టికలో పేరున్నవాడు. ఇంటి సాయం ఆపి, వర్క్‌హౌస్‌కు రమ్మంటే, రాలేక ఇంట్లోనే పస్తుండే ముసలామె పట్టికలోంచి పోతుంది. ఆకలి తగ్గలేదు, అంకె తగ్గింది. అంకెకు ముందు మాట ఉంటుంది. ఆ మాటకు అర్థం ఎవరు నిర్ణయించారన్నది లెక్క చెప్పదు. ఆ ప్రశ్న వేయవలసింది మాటలతో పనిచేసే మనమే.

ఆర్థికశాస్త్రవేత్త పిగూ తర్వాత మరో లోపం ఎత్తిచూపాడు. పరిపాలన సమర్థంగా ఉన్న మండలంలో ఇంటి సాయమూ తగ్గవచ్చు, బీదలూ తగ్గవచ్చు. రెంటికీ మూలం పరిపాలనే కావచ్చు. దాన్ని అంకెగా కొలవలేం కాబట్టి సమీకరణంలో దానికి చోటు లేకపోయింది. కొలవలేనిది లేనట్టే చలామణీ అయింది.

మరి పరికల్పనలను పరీక్షించే పద్ధతి ఈ చిక్కు తీర్చదా? ఫిషర్ 1935లో రాసిన పుస్తకంలోని ఉదాహరణ ప్రసిద్ధం. కప్పులో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంటుంది ఒకావిడ. ఎనిమిది కప్పులు, నాలుగు అలా, నాలుగు ఇలా. ఆమెకు ఏమీ తెలియదన్న శూన్య పరికల్పనతో మొదలుపెట్టాలి. ఊరకే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. చెప్పగలిగితే, ఇది కేవలం అదృష్టం అనే మాట నమ్మడం కష్టమవుతుంది. ఇక్కడ నాకు గౌరవం కలిగించినది ఏమిటంటే, మన నమ్మకం ఓడిపోవడానికి కూడా అవకాశమివ్వడం. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1940లో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్.రావు, తర్వాత కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ దగ్గరే పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందాడు. ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు.

అయితే ఈ పరీక్ష జవాబిచ్చే ప్రశ్న ఒక్కటే: ఇది యాదృచ్ఛికమేనా? ఎందుకు అన్న ప్రశ్నకు అది జవాబివ్వదు. ఫిషర్ కప్పుల క్రమాన్ని చీట్లు వేసినట్టు తానే కలిపాడు కాబట్టి అక్కడ మూడో కారణం దూరడానికి సందు లేదు. పేదల జీవితాలను ఎవరూ అలా కలపలేదు.

ఇది బాగా గ్రహించినవాడు యూలే కావడం విశేషం. 1926లో ఆయన అర్థం లేని సంబంధాల మీద ఒక వ్యాసం రాశాడు. 1866-1911 మధ్య ఇంగ్లండులో చర్చిలో జరిగిన పెళ్ళిళ్ళ నిష్పత్తికీ, మరణాల రేటుకూ 0.95 సహసంబంధం ఉందని చూపాడు. చర్చి పెళ్ళిళ్ళు తగ్గినందువల్ల చావులు తగ్గాయని ఎవరంటారు? కాలంతో పాటు రెండూ తగ్గాయి, అంతే. అధోజ్ఞాపికలో గొణిగిన మాటను ఇరవై ఏడేళ్ళ తర్వాత ఆయన గొంతెత్తి చెప్పినట్టుగా నాకు తోచింది.

పేదల చరిత్ర సమీకరణంతో ఆగలేదు. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. 1909 జనవరి నుంచి డెబ్బై ఏళ్ళు దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల దాకా ఇచ్చారు. డబ్బు ఇచ్చినా వృద్ధులు సోమరిపోతులు కాలేదు. ఎందరో పేదసాయం పట్టికలోంచి గౌరవంగా బయటపడ్డారు.

ఇక మన సంగతి. అంకెలు వాడేవాళ్ళను తప్పుపట్టి ఊరుకుంటే అది న్యాయం కాదు. ‘వల్ల’ను మనకంటే ధారాళంగా వాడేవాళ్ళు ఎవరు? 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వల్ల అభ్యుదయ కవిత్వం పుట్టిందని నేనే వ్యాసాల్లో రాశాను, పిల్లలకు పాఠం చెప్పాను. మాంద్యంతో పాటు అభ్యుదయ కవిత్వం వచ్చిందన్నది నిజం. కాని అదే మాంద్యంలో, అవే జిల్లాల్లో భావకవిత్వం రాస్తూ ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళింట్లో మాంద్యం లేదా? పట్నం చదువు, పత్రికలు, రష్యా వార్తలు, కార్మిక సంఘాలు అనే రాశులను మనం సమీకరణంలో పెట్టామా? మన సిద్ధాంతం తప్పయితే ఏ ఆధారం దాన్ని తప్పని చూపుతుందో ముందే చెప్పామా? చారిత్రక దృష్టి అంటే ‘వల్ల’ అనే హక్కు పుట్టుకతో రావడం కాదు, దాన్ని సంపాదించుకోవడం. యూల్ తన రాశులన్నీ పేరుపేరునా బయటపెట్టాడు కాబట్టే పిగూ లోపం చూపగలిగాడు. మన విమర్శలో అంత బాహాటంగా ముక్కలు పరిచేవాళ్ళు ఎందరు?

మళ్ళీ ఆ సమావేశం దగ్గరికి వస్తాను. బీదపిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో భోజనం చేసేవాళ్ళూ ఎక్కువే ఉంటారు. ఆ బడి పిల్లలకు ఇంట్లో చదువు చెప్పేవాళ్ళుండరు, ట్యూషనుండదు, పత్తితీతల కాలంలో హాజరుండదు. భోజనానికీ తక్కువ మార్కులకూ వెనక నిలబడి ఉన్నది పేదరికం. ఆనాడు నేను లేచి అడగవలసిన ప్రశ్న చిన్నది: ‘‘అయ్యా, అవే పిల్లలకు భోజనం లేకపోతే మార్కులు పెరుగుతాయని చూపే లెక్క మీ దగ్గర ఉందా?’’ అడగలేదు. నా తరగతిలో మూడో బెంచీ కుర్రాడు ఆ పూట తినేదే రోజు మొత్తానికి అన్నం అని తెలిసి కూడా అడగలేదు.

ఇప్పుడు ఏ పట్టిక చూపించినా నేను ముందు విభక్తి చూస్తున్నాను.