పద్మాక్షిగుట్ట - మైలమ బసది

ప్రతిదినము కన్నులకు గనబడు వస్తువును గూర్చి మనము విచారింపము. హనుమకొండవాసులకు పద్మాక్షిగుట్ట యట్టిది. ఉదయమున వ్యాయామార్థము గుట్ట నెక్కువారును, సెలవుదినములలో బండలపై నెగబ్రాకు బాలురును, మ్రొక్కుబడులు చెల్లింపవచ్చు గృహిణులును ఆ మెట్లపై నిత్యము నడచుచునే యున్నారు. సద్దుల బతుకమ్మనాడు గుట్ట క్రింది గుండముకడ స్త్రీలు గుంపులుగుంపులుగా గూడి, పాడి, పూలబతుకమ్మలను నీట విడుతురు. ఆ గుట్టపై నాలయము కట్టించిన వారెవ్వరని యడిగినచో నిందఱిలో నుత్తరము చెప్పగలవా రెందఱు?

ఈ నిందకు మేమును పాత్రులమే. చాల యేండ్లక్రిందట మేము కొందఱు విద్యార్థులను గుట్టపైకి గొనిపోతిమి. గుడికడ బండపై జెక్కిన దిగంబరమూర్తిని జూచి యొక బాలుడు "అయ్యా, ఈ దేవునికి బట్టలెందుకు లేవు?" అని యడిగెను. తక్కినవారు నవ్విరి. మేము వానిని గద్దించి, దేవాలయమున నట్టి ప్రశ్నలు తగవని చెప్పి క్రిందికి దింపితిమి. మా కోపమునకు గారణము భక్తి గాదు, ఉత్తరము తెలియకపోవుట. ఆ సంగతి వాడెఱుగడు, మే మెఱుగుదుము. అప్పుడు గలిగిన సిగ్గే మమ్ము శాసనముల వైపు త్రిప్పినది.

మొదట జనుల నోటనున్న కథను జెప్పెదము. కాందారపురము నేలిన సోమదేవరాజు శత్రువుచేత హతుడు కాగా, గర్భవతియైన రాణి సిరియాలదేవి హనుమకొండకు బాఱివచ్చి యొక బ్రాహ్మణునింట దలదాచుకొనెనట. ఆమెకు బుట్టిన మాధవవర్మ పద్మాక్షీదేవి నారాధించి, ఖడ్గమును డాలును వరముగా బడసి, తండ్రి రాజ్యమును మరల సంపాదించెనట. కాకతీయవంశమున కీతడే మూలపురుషుడట. ప్రతాపరుద్రచరిత్రము, సిద్ధేశ్వరచరిత్రము మున్నగు గ్రంథములు ఈ కథను చెప్పుచున్నవి.

ఇక ఱాతిమాట. గుట్టమీద నల్లఱాతి స్తంభ మొకటి గలదు. దాని నాలుగు ముఖములందును జైనతీర్థంకరుల మూర్తులు చెక్కబడియున్నవి. వానితోపాటు శాసనమును గలదు. చాళుక్యవిక్రమశకము 42వ సంవత్సరము, అనగా క్రీ. శ. 1117, దాని కాలము. హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటమున బ్రకటించిరి. అప్పటికి కాకతీయులు స్వతంత్రులు గారు. రెండవ ప్రోలరాజు కల్యాణచాళుక్య చక్రవర్తియగు త్రిభువనమల్ల విక్రమాదిత్యునికి సామంతుడు. ఆ ప్రోలుని మంత్రి బేతన పెర్గడ. అతని భార్య మైలమ. ఈ కొండపై కడలాలయ బసది యను జైనాలయమును గట్టించిన దామెయే. బసది యనగా జైనుల గుడి.

చదువరులు గమనింపవలసిన విషయ మొకటి గలదు. కథలోని మాధవవర్మ పేరు ఈ శాసనమునను గలదు. కాని యచ్చట నాతడు కాకతీయుల పూర్వుడు గాడు. బసదికి భూదానము చేసిన ఉగ్రవాడి ప్రభువగు మేళరాజు వంశమునకు బూర్వుడు. ఆతని గజాశ్వబలము శాసనమున మిక్కిలి కీర్తింపబడినది. జనశ్రుతి యాతనిని మఱచిపోలేదు. వంశము మాత్రము మార్చి, గొప్పరాజుల యింట జేర్చినది. కావున పుక్కిటికథ యని యంతయు ద్రోసివేయుటయు దప్పే, కథ యంతయు జరిత్రమని నమ్ముటయు దప్పే. కాని యా కథ రాజును నిలిపి, గుడి కట్టించిన యిల్లాలిని విడిచినది. ఇది మన దేశమున గొత్తగాదు.

ప్రోలుని కుమారుడు రుద్రదేవుడు 1163 నాటి శాసనముగల వేయిస్తంభములగుడిలో శివ వాసుదేవ సూర్యులను నిలిపెను. శైవము ప్రబలిన కొలదిని జైనము క్షీణించెను. బసదిలోని జైనదేవత పద్మావతియే నేటి పద్మాక్షియని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. సమీపముననే యున్న అగ్గలయ్యగుట్టమీదను తీర్థంకరుల మహామూర్తులు గలవు. అగ్గలయ్య యను జైనవైద్యుని 1034 నాటి సైదాపుర శాసనము ప్రశంసించుచున్నది. ఒకప్పు డీ ప్రాంతమున రోగికి మందిచ్చినవారును, కొండపై గుడి కట్టినవారును ఆ మతస్థులలో నుండిరని దీనివలన దెలియుచున్నది.

ఇది విని "అట్లయిన అమ్మవారు మనది గాదా?" యని కొందఱు కలతపడుదురు. కలత యేల? తొమ్మిదివందల యేండ్లుగా పేరు మాఱినను దీపము మాఱలేదు. పూర్వుల పేరు చెప్పుటవలన నేటి భక్తికి లోపము రాదు. చెప్పకుండుటవలన కృతఘ్నత మాత్రము వచ్చును. బండలపై దమ పేర్లు చెక్కువారును, ప్రాతమూర్తులకు రంగులు పూయువారును దాము చెఱుపుచున్న దేమో తెలిసినచో జేయి నిలుపుదురని మా నమ్మకము. వారికి దెలుపవలసినవారము మనమే.

సోదరీమణులారా! వచ్చు బతుకమ్మనాడు గుండముకడ నిలిచినప్పుడు ప్రక్కనున్న బాలికకు మైలమ పేరు చెప్పుడు. ఉపాధ్యాయులారా! పిల్లలను స్తంభముకడకు గొనిపోయి నాలుగు ముఖములును జూపుడు. మేము కడచిన కొన్ని యేండ్లుగా నటులే చేయుచున్నాము. బట్టలు లేని దేవు డెవ్వరని ఇప్పుడును ప్రతి తరగతిలో నొక బాలుడు అడుగును. సర్వమును విడిచిన తీర్థంకరుడని చెప్పుదుము. ఎవ్వరును నవ్వరు. మేము గద్దించిన యా మొదటి బాలు డిప్పు డెచ్చటనున్నాడో! ఈ వ్యాసము వానికి మేము బాకీపడిన యుత్తరము.