లిబరల్ ఆర్ట్స్ పట్టా - అమెరికాలో పోలీసు ఉద్యోగం

సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, భాషలు మొదలైన విషయాల చదువును అమెరికా సంయుక్త రాష్ట్రాలలో లిబరల్ ఆర్ట్స్ అని వ్యవహరిస్తారు. ఈ పట్టా పొందినవారు పోలీసు శాఖలలోను, ఫెడరల్ దర్యాప్తు సంస్థలలోను చేరవచ్చును. నేరన్యాయశాస్త్రం చదివినవారికే ఈ ఉద్యోగాలు దక్కుతాయన్న అభిప్రాయం సరికాదు. అనేక స్థానిక పోలీసు శాఖలకు ఉన్నత పాఠశాల చదువే చాలును. పట్టా కోరే శాఖలు సైతం సాధారణంగా అది ఫలానా విషయంలోనే ఉండాలని నిర్బంధించవు.

చరిత్ర

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరానికి 1909లో పోలీసు అధిపతి అయిన ఆగస్ట్ వోల్మర్ ఈ ఆలోచనకు ఆద్యుడు. తాను కళాశాలలో చదవకపోయినా, ఆయన స్థానిక విశ్వవిద్యాలయ విద్యార్థులను పోలీసులుగా చేర్చుకొన్నాడు. పోలీసులందరికీ పట్టా ఉండడం అంతిమ లక్ష్యం కావాలని 1967లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నియమించిన సంఘం సూచించింది. 1968 నాటి చట్టంతో పోలీసుల చదువుకు ఫెడరల్ ధనసహాయం మొదలైనది. దానితో అనేక కళాశాలలు హడావుడిగా పోలీసు కోర్సులు తెరచినవి. వాటిలో చాలా కోర్సులు శిక్షణా కేంద్రంలో నేర్పేదానినే మరల నేర్పేవి. లారెన్స్ షెర్మన్ రచించిన 1978 నాటి జాతీయ సలహా సంఘం నివేదిక ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించి, పోలీసుకు కావలసినది విశాలమైన చదువని వాదించినది.

అన్ని శాఖలూ తెలివైనవారిని కోరుకొన్నాయని చెప్పలేము. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ నగరంలో 1996లో పరీక్ష వ్రాసిన ఒక పట్టభద్రుని, మార్కులు మరీ ఎక్కువ వచ్చాయన్న కారణంతో ఇంటర్వ్యూకు పిలువలేదు. అటువంటివారు విసుగుచెంది, ఖర్చుపెట్టి శిక్షణ ఇచ్చిన తరువాత మానివేస్తారని నగరపాలక సంస్థ వాదన. 2000లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం నగరం పక్షాన్నే నిలిచింది. ఇక్కడ అడ్డువచ్చినది పట్టా కాదు, మార్కులు.

సన్నద్ధత

ఈ చదువు వలన కలిగే ముఖ్య ప్రయోజనం వ్రాత. పోలీసు ఉద్యోగంలో చాలా సమయం నివేదికలకు పోతుంది. అరెస్టు జరిగిన నెలల తరువాత, నిందితుని తరఫు న్యాయవాది ఆ నివేదికలోని ప్రతి వాక్యాన్నీ న్యాయస్థానంలో ప్రశ్నించగలడు. చూసినది, విన్నది, ఊహించినది వేరువేరుగా వ్రాయలేకపోతే నిజమైన కేసు కూడా నిలబడదు. చరిత్ర విద్యార్థికి ఆధారాలను తూచడం అలవాటే. స్పానిష్ భాష వచ్చినవారికి అనేక నగరాలలో ప్రాధాన్యం ఉంటుంది.

పట్టా తీర్చలేని లోట్లు కూడా ఉన్నాయి. చట్టం, ఆయుధాల వాడకం శిక్షణా కేంద్రంలో నేర్పుతారు కాని, దేహదారుఢ్యాన్ని అభ్యర్థి ముందుగానే సంపాదించుకోవాలి. చదువుకొనే రోజులలోనే శాఖలో ఇంటర్న్‌గా చేరడం, అనుమతితో గస్తీ కారులో వెంట వెళ్ళి చూడడం మేలు. పూర్వచరిత్ర విచారణలో అప్పులు, మాదకద్రవ్యాల వాడకం, పాత ఉద్యోగాలు అన్నీ పరిశీలిస్తారు. మంచి మార్కులున్నవారు ఇక్కడ ఆగిపోవడం కద్దు. చిన్న తప్పుకంటె దానిని దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది.

భారతదేశంలో

ఇండియన్ పోలీస్ సర్వీసుకు కూడా గుర్తింపు పొందిన ఏ పట్టా అయినా చాలును. సివిల్ సర్వీసుల పరీక్షలో చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, తెలుగు సాహిత్యం ఐచ్ఛిక విషయాలుగా తీసుకోవచ్చును. ఎంపికైనవారికి హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ ఇస్తారు.