పీఆర్‌పీ ఇంజెక్షన్ మీ గాయానికి పనికొస్తుందా?

మోకాలు, మోచేయి నొప్పులతో వెళ్లిన వారికి చాలా క్లినిక్‌లలో పీఆర్‌పీ చేయించుకోమంటున్నారు. పేషెంట్ రక్తాన్నే కొంత తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మాను నొప్పి ఉన్న చోట ఎక్కించడమే ఈ చికిత్స. ఖర్చు పెట్టే ముందు గాయం ఏ రకమో తెలుసుకోవాలి.

టెన్నిస్ ఎల్బో: నెలల తరబడి ఫిజియోథెరపీ చేసినా తగ్గకపోతే ఆలోచించవచ్చు. అయితే ఫలితం అందరికీ ఒకేలా ఉండదు.

మోకీళ్ల అరుగుదల: ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిగి, 2021లో వెలువడిన పరిశోధనలో ఏడాది తర్వాత చూస్తే పీఆర్‌పీకి, ఉత్త సెలైన్ ఇంజెక్షన్‌కి నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

పూర్తిగా తెగిన లిగమెంట్: ఇంజెక్షన్‌తో అతుక్కోదు. ఆర్థోపెడిక్ సర్జన్‌ను కలవాలి.

ఎవరు జాగ్రత్తపడాలి: ప్లేట్‌లెట్లు తక్కువున్నవారు, ఇన్ఫెక్షన్ ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. సొంతంగా ఆపేయకూడదు.

అడగాల్సినవి: స్కానింగ్‌లో ఏం తేలింది? మొత్తం ఎన్ని ఇంజెక్షన్లు, ఎంత ఖర్చు? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? ఇది చేయించుకోకపోతే వేరే దారి ఏంటి? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో డాక్టర్‌ను అడిగాకే డబ్బు కట్టడం మేలు.