పని లేని సైకిలు



ఈమధ్య శనివారం సాయంత్రాలు మేము సైకిలు తొక్కుతున్న సంగతి మీలో చాలామందికి తెలిసిందే. గరివిడి స్టేషను దగ్గర బయల్దేరి గర్భాం వైపు కొంత దూరం పోయి, పొద్దు వాలాక తిరిగొస్తాం. ఏ ఇంట్లో ప్రార్థనకూ కాదు, ఏ కూడికకూ కాదు. దీని మీద రెండు మాటలు మా చెవిన పడ్డాయి. మొదటిది, "అయ్యగారి బండి పాడయిపోనాదేటి?" అని. అది నవ్వి ఊరుకునే మాట. రెండోది మన సంఘపెద్దల్లో ఒకరు ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి అడిగారు. "అయ్యగారూ, దేవుని పనిలో ఉన్నోళ్ళు పని లేకుండా అలాగ తిరిగితే చూసినోళ్ళు ఏటనుకుంటారు?"

ఆ రోజు మేము ఏదో సర్దిచెప్పాం గానీ సరైన జవాబు ఇవ్వలేదు. తరవాత ఆలోచిస్తే అది ఆయన ఒక్కరి ప్రశ్న కాదనిపించింది. సైకిలుకు ఎన్నేళ్ళో దాదాపు ఆ ప్రశ్నకూ అన్నేళ్ళు. అందుకని ఈ వారం వాక్యధ్యానానికి బదులు కొంచెం చరిత్ర రాస్తున్నాం. ఓపిక చేసుకుని చదవండి.

సైకిలు విలాసం కోసం పుట్టలేదు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మేయడంతో మరుసటి ఏడు ఐరోపాలో ఎండాకాలమే రాలేదు. పంటలు పోయాయి, గుర్రాలకు దాణా కూడా కరువైంది. 1817 జూన్‌లో జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణంలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి మీద కూర్చుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ రోడ్డు మీదికొచ్చాడు. దానికి పెడళ్ళు లేవు, గొలుసు లేదు. గుర్రాల కరువే ఆయనకు ఆ ఆలోచన పుట్టించిందని కొందరు చరిత్రకారులు అంటారు. ఇప్పుడు మనం చూసే రూపం, అంటే సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రానికి గొలుసు, 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిలుతో స్థిరపడింది. గాలి టైరు 1888లో వచ్చింది. బెల్ఫాస్ట్‌లో ఉండే జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపాడు. ఆయన ఇంజనీరు కాదు, పశువుల డాక్టరు. మన గరివిడి పశువైద్య కళాశాల పిల్లలకు ఈ సంగతి చెబితే సంతోషిస్తారు.

ఇంతవరకూ ఎక్కడో దూరదేశపు కథ. కానీ డన్‌లప్ టైరు వచ్చిన నాలుగేళ్ళకే ఈ కథ మన గుమ్మం ముందుకొచ్చింది.

1892 ప్రాంతంలో మన దగ్గరి కోడూరులో మాంగనీసు తవ్వకం మొదలైంది. భారతదేశంలో మాంగనీసు గనులకు అదే ఆరంభం. తరవాత గర్భాం గని దానికంటే పెద్ద పేరు తెచ్చుకుంది. భూగర్భ శాఖకు చెందిన ఫెర్మర్ అనే దొర 1909లో దేశంలోని మాంగనీసు గనుల మీద పెద్ద గ్రంథం వేశారు. మన దగ్గర దొరికిన ఒక రకం రాతికి ఆయన పెట్టిన పేరు కోడూరైట్. లోకంలో భూగర్భశాస్త్రం చదివేవాళ్ళు మన కోడూరు పేరు పలుకుతారు గానీ, మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఆ నల్లరాయి ఎందుకంత విలువైంది? ఉక్కులో మాంగనీసు కలపకపోతే, అందులో ఉండే గంధకం వల్ల ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు పగుళ్ళిస్తుంది. మాంగనీసు ఆ గంధకాన్ని పట్టేసుకుని ఉక్కును సాగనిస్తుంది. అందుకే మన రాయి ఓడలెక్కి విదేశాలకు పోయింది. అదే పదేళ్ళలో ఇంగ్లండులో కోవెంట్రీ, బర్మింగ్‌హామ్ ఊళ్ళలో ఉక్కు గొట్టాలతో లక్షల సైకిళ్ళు తయారవుతున్నాయి. మన మట్టిలోని ఏ రవ్వ ఏ సైకిలులో చేరిందో చెప్పలేం. కానీ ఇక్కడ గంపలతో నెత్తిన రాయి మోసిన ఆడామగా ఇంటికి నడిచే పోయారు. వాళ్ళు మోసిన రాయి చక్రమై మన ఊరి దారుల్లో తిరగడానికి ఇంకా రెండు తరాలు పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 1890ల్లో, ఇంగ్లండు అమెరికా దేశాల్లో సైకిలు వెర్రి పట్టుకుంది. గుమాస్తాలు, టీచర్లు, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు సెలవు రోజున పల్లెదారులు పట్టి ఊరికే తిరిగి రావడం మొదలుపెట్టారు. దానితో మన పెద్దాయన ప్రశ్న పుట్టింది. ఆదివారం గుడి మానేసి సైకిళ్ళెక్కి పోతున్నారని అక్కడి బోధకులు ప్రసంగవేదికల మీద నుంచి కోప్పడ్డారు. ఇంకొందరు బోధకులు మాత్రం, వచ్చేవాళ్ళు సైకిలు మీదే రానీయండి అని గుడి దగ్గర సైకిళ్ళు పెట్టుకునే చోటు చూపించారు. సెమినరీలో సంఘచరిత్ర చదివేటప్పుడు ఈ గొడవ విని మేమంతా నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎందుకంటే ఆ వాదన పడ్డ ఇరుపక్షాలకూ ఒక ఆదివారం ఉంది. ఆ రోజున తిరగాలా కూర్చోవాలా అన్నదే వాళ్ళ తగువు. ఇక్కడ అసలు ఆ రోజే లేదు.

బొంబాయి మిల్లుల్లో కూలీలకు వారానికొక సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు ఫ్యాక్టరీల చట్టంలో వారపు సెలవు చేరింది. గనులు ఆ చట్టం కిందికి రాలేదు. గనిలో పనిచేసే మనిషిని వారానికి ఆరు రోజులకు మించి పని చేయించకూడదని చెప్పింది 1923 నాటి గనుల చట్టం. 1892 నుంచి 1923 దాకా లెక్కపెట్టండి. ముప్పై ఒక్క ఏళ్ళు. విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ నిర్గమకాండములోనూ ద్వితీయోపదేశకాండములోనూ ఉంది, కానీ రెండు చోట్లా కారణం ఒకటి కాదు. రెండో చోట చెప్పిన కారణం దాసత్వంలో బతికిన రోజుల్ని గుర్తు చేస్తుంది, నీ దాసదాసీలకు కూడా విశ్రాంతి ఉండాలంటుంది. ఆ అధ్యాయం తీసి, ఈ 31 ఏళ్ళు మనసులో పెట్టుకుని ఒకసారి చదువుకోండి.

ఇక సైకిలు మన దగ్గరికి వచ్చింది పని పశువుగానే. మొదట రాలీ, హంబర్, బి.ఎస్.ఎ. లాంటి సీమ సైకిళ్ళు కరణాలకూ మేష్టర్లకూ కలిగినవాళ్ళకూ ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసులో టి.ఐ. వాళ్ళు హెర్క్యులిస్ తయారీకి కంపెనీ పెట్టారు. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో వచ్చాయి. ఆ 1950ల్లోనే మన శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో మాంగనీసు కర్మాగారం కూడా వచ్చింది. ఆ తరానికి సైకిలంటే డ్యూటీ. టిఫిను క్యారేజీ హ్యాండిలుకు తగిలించుకుని తెల్లవారకముందే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవారు. మిగతావాళ్ళకు సైకిలంటే పాల క్యాన్లు, గడ్డిమోపులు, గోగునార కట్టలు, బట్టల మూటలు, చేపల గంపలు. పట్నాల్లో అయితే సైకిలుకు పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాలి, రాత్రి దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు. ఊరికే తొక్కడానికి సైకిలు ఎవరికుంది?

పిల్లలకుంది. మా చిన్నప్పుడు అద్దె సైకిళ్ళ కొట్టు ఉండేది. గంటకు ఇంత అని నోటుబుక్కులో టైము రాసుకుని ఇచ్చేవాడు. సీటు అందదు గనుక బారు కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి సగం సగం తొక్కేవాళ్ళం. మోకాలి చిప్పలు ఎన్నిసార్లు పగిలాయో! ఆ గంటలో మేము వెళ్ళే చోటంటూ ఉండేది కాదు. చెరువుగట్టు ఎక్కించి అక్కణ్ణించి కిందికి వదిలేస్తే పెడలు తొక్కే పని లేకుండా తాటిచెట్లన్నీ వాటంతటవే వెనక్కి పోయేవి. మళ్ళీ ఎక్కించడం, మళ్ళీ వదలడం. ఎక్కడికెళ్ళావురా అని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, అయినా అన్నం తినేటప్పుడు కూడా ఆ గాలి ముఖాన కొడుతున్నట్టే ఉండేది. ఆ అద్దె కొట్టు ఇప్పుడు సెల్‌ఫోను రీచార్జి కొట్టు.

ఆడపిల్లలకు ఆ గంట కూడా లేదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది పల్లె ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. రాతిక్వారీల్లో పనిచేసేవాళ్ళు కూడా వారిలో ఉన్నారు. మన దగ్గర హైస్కూలు పిల్లలకు సైకిళ్ళిచ్చాక దారులన్నీ నీలం తెలుపు యూనిఫారాలే అయ్యాయి, అది చూడముచ్చటే. కానీ గమనించండి. అబ్బాయి బడి నుంచి చుట్టూ తిరిగి వస్తే ఏమీ అనం, అమ్మాయి పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడతాం. పోయిన నెల మన స్త్రీల సమాజంలో ఇద్దరు అమ్మలు, ఇద్దరికీ పెళ్ళీడు పిల్లలున్నారు, మందిరం ఆవరణలో సైకిలు నేర్పమని అడిగారు. "ఎక్కడికెళ్ళాలమ్మా?" అని నోరు జారి అడిగేశాం. "ఎక్కడికీ కాదండి" అన్నారు. సిగ్గుపడింది మేమే.

ఇప్పుడు మా సంగతి. పరిచర్యలోకి వచ్చిన కొత్తలో మాకు సైకిలే ఉండేది. నూటయాభై ఏళ్ళ కిందట బొబ్బిలి, భీమునిపట్నం ప్రాంతాల్లో పనిచేసిన కెనడా బాప్తిస్టు మిషనరీలు ఎడ్లబళ్ళ మీద గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగారు. వాళ్ళతో పోలిస్తే మాది వేగమే. తరవాత మోటారుసైకిలు కొన్నాం. దేవుడు దాని ద్వారా మేలే చేశాడు. అదివరకు రోజుకు ఒక ఊరు వెళ్తే, తరవాత మూడు ఊళ్ళు తిరిగాం, అర్ధరాత్రి రోగుల్ని ఆసుపత్రికి చేర్చాం. దాన్ని నిందించడం లేదు.

కానీ మొన్న వేసవి చివర బండి రిపేరుకిచ్చి, ఒక బుధవారం కూడికకు పాత సైకిలు తీశాం. దారిలో తాటితోపు దాటాక ఒక పెంకుటిల్లు ఉంది. గేదె అడ్డం వచ్చి ఆగాం. లోపలి నుంచి ఎవరో దగ్గుతున్నారు. తొంగిచూస్తే మంచం మీద ఒక ముసలమ్మ. ఒకప్పుడు మన మందిరానికి వచ్చినామే. కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని ఎవరో అంటే అలాగే అనుకున్నాం. ఆమె ఎక్కడికీ పోలేదు. తుంటి విరిగి రెండేళ్ళుగా అక్కడే ఉంది. మమ్మల్ని చూసి, "బుధోరం బుధోరం మీ బండి సప్పుడు ఇనేదాన్ని బాబూ. అయ్యగారు ఎల్తన్నారని ఇక్కణ్ణించే వందనాలు సెప్పుకునేదాన్ని" అంది.

రెండేళ్ళు. వారానికి రెండుసార్లు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో మేము సరిగా భోజనం చేయలేదు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. శనివారం సైకిలు తీసేది అలాంటివాళ్ళను వెతకడానికని చెబితే మన పెద్దాయనకు మంచి జవాబయ్యేది. అలా చెబితే అదీ పనే అయిపోతుంది. మేము తీసేది సంతోషంగా ఉంటుందని. జీడితోటల పక్కన పోతుంటే పూత వాసన వస్తుంది. నల్లరాతి గుట్టలు దాటాక గాలి చల్లబడుతుంది. గట్టు మీద కొంగలు మనం దగ్గరికెళ్ళేదాకా లేవవు, మోటారు చప్పుడుకైతే ముందే లేచిపోతాయి. ఇస్సాకు సాయంకాలం పొలంలోకి వెళ్ళాడని ఆదికాండములో ఉంది. ఆయన అక్కడ ఏ పని చేశాడని మనం ఎప్పుడూ అడగలేదు.

ఈ మాటలే కొంచెం అటూ ఇటుగా మన పెద్దాయనతో చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ముప్పయ్యేళ్ళు డూటీకి తొక్కినాను అయ్యగారూ. ఊరికినే ఒక్కనాడు తొక్కలేదు" అన్నారు.

పోయిన శనివారం తన పాత అట్లాసు తుడుచుకుని వచ్చారు. మేము కబుర్లు చెబుతూ మెల్లగా పోదామనుకుంటే, ఆయన తల వంచుకుని గబగబా తొక్కుకుంటూ మమ్మల్ని దాటి పోయారు. మేము అందుకునేసరికి కల్వర్టు దగ్గర ఒక కాలు నేలకానించి ఆయాసపడుతూ నిలబడ్డారు. "మెల్లగా తొక్కడం రావట్లేదు అయ్యగారూ. షిఫ్టుకి టైమైపోతన్నట్టే ఉంటాది" అని నవ్వారు. కల్వర్టు మీద కాసేపు కూర్చున్నాం. విశాఖ వైపు రైలు పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన కొంచెం నెమ్మదించారు.

ఈ శనివారం కూడా వస్తానన్నారు. ముందు బ్రేకు రబ్బర్లు మార్పించుకోవాలట.