స్టీరింగ్ కిర్రుమంటే నూనె కాదు, చోటు వెతకాలి

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న ఉధ్నా, మరమగ్గాలకు పేరుపడిన ప్రాంతం. జల్‌గావ్ వైపు సాగే తపతీ రైలు మార్గం ముంబయి ప్రధాన మార్గం నుంచి విడిపోయేది ఇక్కడే. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఉధ్నా, లింబాయత్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. మగ్గం చప్పుడు మారితే ఏ భాగం ఎండిపోయిందో చెవితోనే పసిగట్టి నూనె డబ్బా అందుకోవడం ఇక్కడి షెడ్లలో నిత్యకృత్యం. అయితే కారు స్టీరింగ్ విషయంలో ఆ అలవాటు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

స్టీరింగ్ చక్రం తిప్పినప్పుడు వినిపించే కిర్రు శబ్దం ఏడెనిమిది చోట్లలో ఎక్కడైనా పుట్టవచ్చు. చక్రం కింద ప్లాస్టిక్ తొడుగు, దాని లోపల చుట్టచుట్టిన రిబ్బను తీగ, కాళ్ల దగ్గర నేలను దాటే చోట రబ్బరు బుడిపె, దాని దిగువన యూనివర్సల్ జాయింటు, ఆపై ర్యాక్, టై రాడ్లు, బాల్ జాయింట్లు, సస్పెన్షన్ స్ట్రట్ పైభాగంలోని బేరింగు: ఈ వరుసలో పై రెండు మూడు చోట్ల పుట్టే శబ్దం చాలావరకు చికాకు మాత్రమే. కింది భాగాల్లో పుట్టేది ప్రాణాలకు సంబంధించినది. రెండూ చెవికి ఒకేలా వినిపించడమే అసలు చిక్కు.

చోటు కనిపెట్టడానికి పరికరాలు అక్కరలేదు, మరో మనిషి తోడు ఉంటే చాలు. కారును సమతలంపై నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి ఉండగానే తాళం తిప్పి స్టీరింగ్ లాక్ విడిపించాలి. చక్రాన్ని అటూ ఇటూ కొద్దిగా కదిపినప్పుడే చేతుల దగ్గర శబ్దం వస్తే దోషం పైభాగంలో ఉన్నట్టే. చక్రం ఎత్తు మార్చే మీట ఉన్న కార్లలో ఎత్తు మార్చి చూడాలి. శబ్దం మారినా, ఆగినా ప్లాస్టిక్ తొడుగు రాసుకుంటోందని అర్థం. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఒకరు తిప్పుతూ ఉంటే, మరొకరు బయట నిలబడి ముందు చక్రాల వద్ద వినాలి. వేళ్లు స్ప్రింగు చుట్ల మధ్యకు పోనివ్వకూడదు. చివరగా స్టీరింగ్ ముట్టుకోకుండా బానెట్ అంచును చేతులతో నొక్కి వదలాలి. అప్పుడూ కిర్రుమంటే వెతకవలసింది స్టీరింగ్‌లో కాదు, సస్పెన్షన్‌లో.

మెకానిక్కుతో మాట్లాడేటప్పుడు తెలుగు ఒక మేలు చేస్తుంది. హిందీలోనో గుజరాతీలోనో ‘ఆవాజ్ వస్తోంది’ అని ఊరుకునేవారు ఆ శబ్దాన్ని నోటితో అనుకరించి చూపితే సగం నిర్ధారణ అయినట్టే. తలుపు బందులా కిర్రుమనడం ఎండిన కీలుకో, రబ్బరుకో గుర్తు. కీచుమని సన్నగా అరిస్తే బెల్టు జారుతోంది. గుయ్‌మని మూలిగితే పంపు. టకటకలాడితే కీలు వదులైంది. గరగరమంటే ఏదో రాసుకుంటోంది. ధ్వన్యనుకరణ పదాలకు కొదవలేని భాష ఇలా గ్యారేజీలో కూడా అక్కరకు వస్తుంది.

చక్రం లోపలి భాగాన్ని ఇంట్లో విప్పడం మాత్రం తగదు. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారైన ప్రతి కొత్త కారులో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అది ఆ చక్రం మధ్యలోనే, పేలుడు పదార్థంతో సిద్ధంగా ఉంటుంది. దానికి విద్యుత్తు అందించేది రిబ్బను తీగ. దీనిని మెకానిక్కులు క్లాక్ స్ప్రింగ్ అంటారు. శబ్దంతోపాటు హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకపోయినా, డ్యాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగు దీపం ఆరకపోయినా ఆ తీగ దెబ్బతిన్నదని అనుమానించాలి. ఆ స్థితిలో ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు. బ్యాటరీ తీగ తొలగించి, తయారీదారు చెప్పినంత సేపు ఆగిన తర్వాతే శిక్షణ పొందిన మెకానిక్కు దానిని ముట్టుకోవాలి. సందుల్లోంచి నూనె చిమ్మడం వల్ల ఉపశమనం రెండు రోజులే. ఆ తర్వాత గాలిలోని నూలు ధూళి ఆ జిడ్డుకు అంటుకుని ముద్ద కడుతుంది.

నేల దగ్గరి రబ్బరు బుడిపె శబ్దానికి ఇంటి వైద్యం ఉంది. షాఫ్టు రబ్బరును తాకే చోట సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే చాలు. ఖనిజ తైలం, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పనికిరావు, వాటికి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఉధ్నా వంటి చోట యూనివర్సల్ జాయింటు మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. సముద్రానికి దగ్గరి తేమ ఒక కారణం, వానాకాలంలో రోడ్లపై నిలిచే నీరు మరో కారణం. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. అంతటి ఉప్పెన అరుదే అయినా, చక్రాల ఎత్తున నీటిలో కారు నడపడం ఇక్కడ అరుదు కాదు. నీరు చేరిన జాయింటు తుప్పు పట్టి ఒక కోణంలో బిగుసుకుంటుంది. మలుపు తిరిగాక చక్రం దానంతట అది నిటారుకు రాదు. బాల్ జాయింట్ల సంగతీ ఇంతే. రబ్బరు తొడుగు చిరిగితే లోపలి గ్రీజు కారిపోయి, నీరు, ఇసుక చేరతాయి. మొదట కిర్రుమంటుంది, తర్వాత అరుగుతుంది. అరిగి వదులయ్యాక ఒక్కోసారి కిర్రు శబ్దం ఆగిపోతుంది కూడా. శబ్దం పోయింది కదా అని సంతోషించవలసిన సందర్భం కాదది. పూర్తిగా అరిగిన జాయింటు విడిపోతే చక్రం అదుపు తప్పుతుంది.

కారును జాకీతో లేపి, స్టాండుపై భద్రంగా నిలిపాక ముందు చక్రాన్ని ఎడమ, కుడి అంచుల్లో పట్టి ఊపితే టై రాడ్ వదులు తెలుస్తుంది. పైన, కింద పట్టి ఊపితే బాల్ జాయింటు లేదా చక్రం బేరింగు వదులు బయటపడుతుంది. ఆట కనిపిస్తే భాగం మార్చవలసిందే, గ్రీజు ఎక్కించి నెట్టుకురావడం కుదరదు. టై రాడ్ మార్చిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు కొన్ని వేల కిలోమీటర్లకే ఒకవైపు అరిగిపోతాయి.

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న పాత కార్లలో పూర్తిగా తిప్పినప్పుడే కీచుమంటే బెల్టు బిగువును, ద్రవం మట్టాన్ని చూడాలి. నేటి కార్లలో ఎక్కువ శాతం విద్యుత్ స్టీరింగ్ కాబట్టి వాటిలో ద్రవమే ఉండదు. వాటికి ‘స్టీరింగ్ ఆయిల్’ పోశామని బిల్లు వేస్తే నిలదీయవచ్చు. అపార్ట్‌మెంటు సెల్లారులో నునుపు నేలపై మాత్రమే వినిపించే కీచు టైర్లది, దానికి ఖర్చు పెట్టనక్కరలేదు.

సెలవులకు కరీంనగర్ వైపు బయలుదేరే కుటుంబాలు సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కినా, మలుపులో పట్టుకున్నట్టు అనిపించినా, కుదుపుతో వదిలినా ఆ కారును గ్యారేజీదాకా కూడా నడపకూడదు, టోయింగ్ వాహనంపైనే తీసుకెళ్లాలి.