గుండె కండరం మందమైందా..? కోత లేకుండా ‘ఆల్కహాల్’ చికిత్స.. పదేళ్ల తర్వాత పరిస్థితి ఏంటంటే..

తుమ్మలపల్లె, పులివెందుల వైపు ఎండాకాలంలో చీనీ తోటలో పనిచేసే మనిషి కళ్లు తిరిగి పడిపోతే ‘వడదెబ్బ’ అనేస్తాం. చాలాసార్లు అది నిజమే. కానీ నాలుగు మెట్లెక్కినా ఆయాసం, ఛాతీలో బరువు, పని మధ్యలో స్పృహ తప్పడం.. ఇవి మళ్లీ మళ్లీ వస్తుంటే ఎకో తీయించాల్సిందే. గుండె గదుల మధ్య గోడ మందమై, రక్తం బయటికెళ్లే దారికి అడ్డుపడుతుండొచ్చు. దీన్నే హైపర్‌ట్రోఫిక్ అబ్‌స్ట్రక్టివ్ కార్డియోమయోపతి అంటారు. కండరం మందమయ్యే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అయితే అందరికీ అడ్డంకి ఉండదు.

ఒంట్లో నీళ్లు తగ్గితే ఈ అడ్డంకి ఇంకా పెరుగుతుంది. అందుకే సీమ ఎండల్లో ఈ రోగులకు కష్టం ఎక్కువ. ఇంకో సంగతి.. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మాత్రలు, నీరు తీసే మాత్రలు వీళ్లకు ఎదురు తిరగొచ్చు. జబ్బు ఉందని తేలినవాళ్లు ఊళ్లో ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు ఆ మాట చెప్పాలి.

ఏం చేస్తారు?

మొదట బీటా బ్లాకర్ల వంటి మందులే. వాటితో తగ్గకపోతే ఆపరేషన్ చేసి కండరం కోసేయడం, లేదా ఆల్కహాల్ సెప్టల్ అబ్లేషన్. స్టెంట్ వేసినట్టే రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, మందమైన గోడకు రక్తమిచ్చే చిన్న కొమ్మలోకి 1 నుంచి 3 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ వదులుతారు. అక్కడి కండరం చచ్చి, పలచబడి, దారి తెరుచుకుంటుంది. ఒక రకంగా డాక్టర్లు కావాలని తెప్పించే చిన్న హార్ట్ అటాక్ ఇది. 1994లో లండన్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ మొదలుపెట్టారు. (మందు తాగితే కూడా పనిచేస్తుందేమో అనుకోవద్దు. తాగితే అడ్డంకి పెరుగుతుంది!)

లెక్కలు చూస్తే..

యూరప్‌లో 1,275 మందిపై చేసిన పరిశీలన 2016లో వచ్చింది. నెలలోపు చనిపోయినవాళ్లు 1 శాతం. ఐదేళ్లకు 89 శాతం, పదేళ్లకు 77 శాతం మంది బతికి ఉన్నారు. రోగుల సగటు వయసు 60కి దగ్గర్లో ఉందన్నది ఇక్కడ మర్చిపోకూడదు. అడ్డంకి దగ్గర ఒత్తిడి తేడా సగటున 67 నుంచి 16కి పడిపోయింది. పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి ఆయాసం తగ్గి, మామూలు పనులు చేసుకోగలిగారు.

ఇబ్బంది లేకపోలేదు. సుమారు 12 శాతం మందికి పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది. గుండెలోని కరెంటు దారి కూడా ఆ గోడలోనే ఉండటమే కారణం. ఆల్కహాల్ ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుంది. తక్కువైతే అడ్డంకి మిగిలిపోతుంది, అలా మిగిలినవాళ్ల ఆయుష్షు కూడా తగ్గింది. అంటే చేసే చేతిని బట్టే ఫలితం. తిరుపతి, హైదరాబాద్, బెంగళూరు.. ఎక్కడికెళ్లినా ‘ఈ ప్రొసీజర్ మీరు ఎంతమందికి చేశారు సార్?’ అని మొహమాటం లేకుండా అడగండి. ఖర్చు ప్రభుత్వ పథకంలోకి వస్తుందో లేదో ఆస్పత్రిలోని వైద్యమిత్రను ముందే కనుక్కోవాలి. చిన్న వయసువాళ్లకు చాలామంది నిపుణులు ఇప్పటికీ ఆపరేషన్‌కే మొగ్గు చూపుతున్నారు. 2022లో అమెరికాలో అనుమతి పొందిన మావాకామ్టెన్ అనే మాత్ర ఇంకో దారి.

జన్యులోపం ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి ఒక్కో బిడ్డకూ అది వచ్చే అవకాశం 50 శాతం. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే పిల్లలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా ఈసీజీ, ఎకో తీయించాలి.