వాక్యూమ్ సెన్సర్ ఎంపిక: ఫ్రీజ్ డ్రైయర్‌లో ఏ అంకెను నమ్మాలి?

వాక్యూమ్ సెన్సర్ కొనేవాళ్లు సాధారణంగా ముందు చూసేది కచ్చితత్వం ఎంత శాతమని. అంతకంటే ముందే తేల్చుకోవలసినవి రెండున్నాయి: ఆ సెన్సర్ దేనితో పోల్చి కొలుస్తుంది? ఏ వాయువులో కొలుస్తుంది?

మొదటిది త్వరగానే తేలుతుంది. మామూలు డయల్ గేజ్ బయటి గాలితో పోల్చి చూపుతుంది. విశాఖ తీరంలో దాని ముల్లు 760 మిల్లీమీటర్ల పాదరసం దగ్గరి దాకా వెళ్తుంది. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో బయటి గాలి పీడనమే 710 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, పంపు ఎంత మంచిదైనా ముల్లు అక్కడే ఆగుతుంది. లోతైన వాక్యూమ్‌కు పూర్తి శూన్యంతో పోల్చి కొలిచే అబ్సల్యూట్ రకం సెన్సరే కావాలి.

అసలు చిక్కు రెండోదానితో. ఇంజెక్షన్ మందులను, కొన్ని టీకాలను గడ్డకట్టించి ఆరబెట్టే ఫ్రీజ్ డ్రైయర్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఛాంబర్ పీడనం ఎక్కువగా 50–200 మిల్లీటార్ల మధ్య ఉంటుంది. 1906లో మార్చెల్లో పిరానీ రూపొందించిన గేజ్, వేడి తీగ నుంచి వాయువు ఎంత వేడిని లాక్కుపోతోందో చూసి పీడనాన్ని అంచనా వేస్తుంది. నైట్రోజన్‌కు సరిచేసిన పిరానీ, నీటి ఆవిరిలో అసలు కంటే సుమారు 1.6 రెట్లు ఎక్కువ చూపుతుంది. కెపాసిటెన్స్ మానోమీటర్‌కు ఈ బెడద లేదు. పలుచని పొర ఎంత వంగిందో కొలుస్తుంది కనుక వాయువు ఏదైనా దానికి ఒకటే.

ల్యాబ్ యంత్రాన్ని పిరానీతో నడిపి 100 మిల్లీటార్ల రెసిపీ తయారుచేశారనుకుందాం. మంచు ఆవిరవుతున్నంతసేపూ ఛాంబర్‌లో ఎక్కువగా నీటి ఆవిరే కాబట్టి అసలు పీడనం 60 పైచిలుకే. అదే రెసిపీని మానోమీటర్ ఉన్న ప్లాంట్ యంత్రంలో పెడితే అసలు పీడనం నిజంగానే 100 అవుతుంది, వయల్‌లోని మంచు ఆ మేరకు వెచ్చబడుతుంది. సుక్రోజ్ ద్రావణమైతే దాదాపు మైనస్ 32 డిగ్రీలు దాటితే కేక్ (వయల్‌లో ఎండుతున్న మందు ముద్ద) కుంగే ప్రమాదం ఉంది. అంకె మారలేదు, మందు పాడైంది.

అలాగని పిరానీని తీసిపారేయమనను. పీడనాన్ని మానోమీటర్‌తో 100 దగ్గర నియంత్రిస్తూ పిరానీని పక్కన ఉంచితే, ఆవిరి తగ్గేకొద్దీ దాని అంకె 160 నుంచి 100 వైపు దిగివస్తుంది. రెండూ కలిసినప్పుడు మొదటి ఆరబెట్టే దశ ముగింపుకొచ్చిందని అర్థం. అయితే ఇది ఛాంబర్ మొత్తానికి సగటు కబురు మాత్రమే. వేల వయల్స్‌లో కొన్నింట మంచు ఇంకా మిగిలి ఉండవచ్చు. అందుకే అంకెలు కలిసిన వెంటనే వేడి పెంచకుండా కొంత అదనపు సమయం ఇవ్వడం మేలు.

రేంజ్ సంగతీ చూడాలి. 100 మిల్లీటార్లు 1 టార్ మానోమీటర్‌కు పదో వంతు, 1000 టార్ల దానికి పదివేలో వంతు. జీరో కొద్దిగా జరిగినా ఆ రెండోదాని రీడింగ్‌కు విలువ ఉండదు. ఛాంబర్‌ను 121 డిగ్రీల ఆవిరితో స్టెరిలైజ్ చేసే చోట, సెన్సర్ దాన్ని తట్టుకుంటుందో లేదో, ఆ తర్వాత జీరో ఎంత జరుగుతుందో ఆర్డర్‌కు ముందే రాతపూర్వకంగా అడగాలి.